వంత అడిగిన ప్రశ్న

నాకు కోపం వస్తే అందరిలా నాలుగు మాటలు అరిచి ఊరుకోవడం చేతకాదు. మా అమ్మమ్మ దాన్ని ఆవకాయ కోపం అనేది. జాడీలో పెట్టి వాసెన కట్టేస్తే ఊరేకొద్దీ ఘాటెక్కుతుందని. ఆవిడ నవ్వుతూనే అనేది, నేనూ నవ్వుతూనే ఒప్పుకునేదాన్ని. ఫింటాస్ పేటలో ఉండే మేడం మీద నేను పెట్టుకున్న కోపం ఆ జాడీలోదే. ఎదురుగా ఉన్నప్పుడు ఆవిడని అండీ అనే అంటాను. రాసేటప్పుడు మాత్రం ఆ మర్యాద ఇవ్వాలనిపించడం లేదు, ఇవ్వను కూడా.

మేడం అంటే మా శుక్రవారం బడి మేడం. కువైట్‌లో మా పిల్లలు చదివే బళ్ళో హిందీ ఉంది, అరబిక్ ఉంది, తెలుగు లేదు. అందుకని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు పిల్లలకు ఆవిడ తన ఫ్లాటు హాల్లో శుక్రవారం శుక్రవారం క్లాసులు పెట్టింది. శ్లోకాలు, తెలుగు నెలల పేర్లు, విస్తట్లో ఏది ఎక్కడ వడ్డిస్తారు, పెద్దవాళ్ళకు ఎలా దణ్ణం పెట్టాలి, అంకుల్, ఆంటీ తప్ప ఇంకేం తెలియని పిల్లలకు మేనత్త ఎవరు, పినతల్లి ఎవరు, ఇవన్నీ నేర్పడం. మంచి పనే. మంచి పనులు చేసేవాళ్ళలో కూడా ఎలాంటివాళ్ళుంటారో నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

బడికి రెండు బ్యాచ్‌లు. పొద్దున్న ఫింటాస్ పిల్లలు, అంటే ఇంజనీర్ల పిల్లలు, మేనేజర్ల పిల్లలు. వాళ్ళకు మేడమే చెప్పేది. వాళ్ళు వెళ్ళాక పక్క పేట మహబూలా పిల్లలు. వాళ్ళకు నేను చెప్పేదాన్ని. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బీఎడ్ చేసి అక్కడ కొన్నాళ్ళు ప్రైవేటు బళ్ళో తెలుగు చెప్పాను. పెళ్ళయ్యాక మా ఆయన ఇఖామా మీద, అంటే ఆయనకున్న నివాస పర్మిట్ మీద ఇక్కడికి వచ్చాను కాబట్టి ఉద్యోగం చేసే వీల్లేదు. మా ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపరు. మహబూలాలో రెండు కుటుంబాలం కలిసి ఒక ఫ్లాటులో ఉంటాం. మాకో గది, జగిత్యాల వదిన వాళ్ళకో గది. హాలు, వంటిల్లు, బాత్రూమ్ ఇద్దరికీ కలిపి. ఆ వదిన నాకు చుట్టమేం కాదు, ఒకే పొయ్యి మీద వండుకుంటే ఏర్పడే చుట్టరికం.

మొదటి నెలలోనే మేడం నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"మీ బ్యాచ్ పిల్లల్ని కింద హారిస్ రూమ్ పక్కన ఉన్న బాత్రూమ్‌కి వెళ్ళమని చెప్పండి. పైన డ్రైనేజీ ప్రాబ్లమ్‌గా ఉందండి."

"మరి పొద్దున్న బ్యాచ్ వాళ్ళో అండీ?"

"వాళ్ళు ఇళ్ళ నుంచి వెళ్ళే వస్తారు లెండి."

హారిస్ అంటే ఇక్కడ బిల్డింగుకి కాపలా ఉండే మనిషి. అతని గది బేస్‌మెంట్‌లో, కార్లు పెట్టే చోట ఉంటుంది. శుక్రవారాలు ఆ గది ముందు డ్రైవర్లు చేరి పేకాడుకుంటారు. పాపం వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు. కానీ పదకొండేళ్ళ ఆడపిల్ల లిఫ్టు దిగి, కార్ల మధ్యలోంచి నడిచి, అంతమంది మగాళ్ళ ముందు నుంచి ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాలి. ఆ డ్రైనేజీ ఎలాంటిదో గానీ, ఫింటాస్ పిల్లలకు తెరుచుకునేది, మహబూలా పిల్లలకు మూసుకుపోయేది. మా పిల్లలు ఏమీ అనలేదు. శ్లోకం ఎంత తొందరగా పట్టుకున్నారో ఇదీ అంత తొందరగా పట్టుకున్నారు.

మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. ఒక శుక్రవారం కిందకు వెళ్ళి, అక్కడ మగాళ్ళను చూసి, అట్నుంచటే పైకి వచ్చేసింది. నాతో చెప్పలేదు. క్లాసులో అమ్మను అమ్మలా చూడకూడదని నేనే నేర్పాను కదా. ఆ రోజు పద్యం అప్పజెప్పే వంతు దానిది. లేచి నిలబడింది, చేతులు కట్టుకుంది, మొదటి పాదం చెప్పింది, రెండో పాదం సగంలో ఆగిపోయింది. గౌను అంచు నుంచి కాళ్ళ మీదుగా మేడం ఎర్ర తివాచీ మీదకు కారింది. పిల్లలు నవ్వారు. పొద్దున్న బ్యాచ్ నుంచి ఇంకా వెళ్ళని ఇద్దరు ముగ్గురు ముక్కులు మూసుకున్నారు.

మేడం పరుగెత్తుకొచ్చింది. పిల్ల దగ్గరకు కాదు, తివాచీ దగ్గరకు. అంచు పట్టుకుని ఎత్తి, పనమ్మాయిని కేకేసింది. నేను నా చున్నీ తీసి మా అమ్మాయి నడుముకు చుట్టి ఇంటికి తీసుకొచ్చాను. దారంతా అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం తల్లుల వాట్సాప్ గ్రూపులో మేడం మెసేజ్ వచ్చింది. చిన్నప్పటి అలవాట్లు ఇంకా పోని పిల్లల్ని క్లాసుకి పంపే ముందు తల్లిదండ్రులు దయచేసి ఆలోచించాలని. చివర దండం బొమ్మ. ఆ మెసేజ్‌లో పేరు లేదు గానీ ఎవరికి తెలియదు? తర్వాత ఎవరెవరికో ఫోన్లు చేసి, పాపం ఆ పిల్లకేదో ప్రాబ్లమ్ ఉందట, డాక్టరుకు చూపించమన్నాను అని చెప్పిందని నాకు తెలిసింది. హారిస్ గది సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను గ్రూపులో ఏం రాయలేదు. జాడీ మూత బిగించాను.

అప్పటినుంచి మా అమ్మాయి నలుగురిలో నోరు విప్పడం మానేసింది. బళ్ళో టీచరు ప్రశ్న అడిగితే తెలిసినా చెప్పదు. ఎవరైనా ఇంటికి వస్తే గదిలోకి పోతుంది. అన్నిటికంటే నా గుండె కోసేసింది ఏమిటంటే, బయటి మనుషుల ముందు నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున్న బడికి తీసుకెళ్ళిన సీసా సాయంత్రం అలాగే నిండుగా తిరిగొచ్చేది. కువైట్ ఎండల్లో పిల్ల నీళ్ళు తాగకుండా తిరుగుతోందంటే తల్లి ఏమవ్వాలి? పెదాలు ఎండి చీలేవి. ఎంత బతిమాలినా, "దాహం లేదమ్మా" అనేది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? పిల్ల నెమ్మదిగా మర్చిపోతుంది. నువ్వు మర్చిపోనిస్తే," అనేవాడు మా ఆయన.

"కంద ఒళ్ళంతా దురదేనండీ. చెప్పుకోడానికి దానికి నోరు లేదంతే," అన్నాను నేను.

నేను శుక్రవారం బడి మానలేదు. మా అమ్మాయిని మాన్పించాను గానీ నేను మానలేదు. పగ ఉన్నవాళ్ళు దూరం పోకూడదు. పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి. ఓర్చినమ్మకు తేటనీరు అన్నారు కదా.

మరుసటి ఏడాది తేటనీరు వచ్చింది. తెలుగువాళ్ళ వార్షికోత్సవానికి మేడం బుర్రకథ వేయించాలనుకుంది. ఒక రాణి కథ ఆవిడే రాసింది. ఆ రాణి ఊరి మధ్యలో సత్రం కట్టించి, గొప్పా బీదా తేడా లేకుండా అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. చదివి నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోడానికి దగ్గాల్సి వచ్చింది. కథ చెప్పే ముఖ్యమైన వేషం ఆవిడ కూతురికి. ఆ పిల్ల ఎనిమిదో తరగతి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదంటారు, ఇక్కడ వడ్డించే అమ్మ కూతుర్ని మొదటి బంతిలోనే కూర్చోబెట్టింది. కానీ బుర్రకథ ఎలా చెబుతారో ఆవిడకు తెలియదు. నాకు తెలుసునని ఎవరో చెప్పారు.

నాకు తెలుసు. మా మేనమామ బుర్రకథ దళంలో వంత. బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో తంబుర భుజాన వేసుకుని కథ చెప్పేవాడు కథకుడు. అటూ ఇటూ డక్కీలు వాయించే ఇద్దరు వంతలు. చూసేవాళ్ళకు కథకుడే గొప్పగా కనిపిస్తాడు, వంతలు తందాన తాన అనడానికే ఉన్నారనుకుంటారు. మేడం కూడా అదే అనుకుంది. కానీ మా మావయ్య హాస్యం చెప్పే వంత. కథ మధ్యలో ఎక్కడైనా, "అవును గానీ అన్నా" అని ఆపి ఏ ప్రశ్నయినా అడిగే హక్కు వాడిది. కథలో లేనిది అడగొచ్చు, ఊళ్ళో సంగతి అడగొచ్చు. వంత అడిగితే కథకుడు చెప్పి తీరాలి. చెప్పేదాకా కథ ముందుకు కదలదు. అది ఆ కళకున్న పద్ధతి. ఒకసారి మా ఊరి ప్రెసిడెంటు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, "అవును గానీ అన్నా, ఆ రాజు గారి రథం మన ఊరి రోడ్డు మీద పోగలదంటావా?" అని అడిగాడు మావయ్య. జనం ఈలలు వేశారు. ప్రెసిడెంటు కూడా నవ్వాల్సి వచ్చింది. వంత మీద కోప్పడితే తప్పు తనదేనని ఒప్పుకున్నట్టే.

మేడం ఫోన్ చేసినప్పుడు నేను చాలా వినయంగా మాట్లాడాను.

"నేర్పుతానండీ. మీ అమ్మాయి గొంతు బాగుంటుంది, కథకురాలిగా సరిపోతుంది. ఒక వంత మీ పొద్దున్న బ్యాచ్ పిల్లే ఉండనివ్వండి. రెండో వంత మా అమ్మాయికి ఇప్పించండి."

"మీ అమ్మాయికా?" అంది. తివాచీ గుర్తొచ్చినట్టుంది.

"వంతేగా? సరే తీసుకోండి," అంది మేడం. ఆ 'గా' అన్న దీర్ఘం నేను మర్చిపోలేదు.

ఇక మా అమ్మాయి. అది ఒప్పుకోదని నాకు తెలుసు. స్టేజీ సంగతి చెప్పకుండా ముందు డక్కీ చేతికిచ్చాను. కువైట్‌లో డక్కీలు ఎక్కడ దొరుకుతాయి? మా ఆయన స్టోరు నుంచి రబ్బరు షీటు ముక్కలు తెచ్చాడు. ఖాళీ పాలపొడి డబ్బాలకు రెండు వైపులా బిగించి డక్కీలు చేశాం. కథకురాలి వేళ్ళకు తొడగడానికి అందెల బదులు వాషర్లు కట్టిన ఉంగరాలు. మా అమ్మాయికి డక్కీ నచ్చింది. నోటితో మాట్లాడని పిల్ల చేత్తో మాట్లాడటం మొదలుపెట్టింది.

మాటలు మాత్రం వంటింట్లోనే. పొయ్యి మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ రయ్యిమని తిరుగుతుంటే ఆ హోరులో, ఎవరికీ వినపడదన్న ధైర్యంతో మెల్లగా అనేది. నేను మిరపకాయలు వేయిస్తూ కథకుడిలా చెప్పేదాన్ని. అది పక్కన నిలబడి, "అవును గానీ అక్కా" అనేది. ఒకరోజు అది మధ్యలో ఉండగా నేను ఫ్యాను కట్టేశాను. ఉలిక్కిపడి ఆగింది. హాల్లోంచి జగిత్యాల వదిన కేకేసింది.

"ఏం అడిగినవ్ బిడ్డా? నాకు సగమే ఇనవడ్డది. మల్ల జెప్పు!"

మా అమ్మాయి నా వైపు చూసింది. ఫ్యాను లేకుండానే మళ్ళీ చెప్పింది. వదిన పడీ పడీ నవ్వింది. ఆ రోజే, ఆ వేగిన మిరపకాయల ఘాటులోనే, స్టేజీ సంగతి చెప్పి, అసలు ప్రశ్న దానికి నేర్పాను. అది విని నా చేతిలోంచి గరిట తీసుకుని మిరపకాయలు తిప్పింది.

"నేనడగాలా?" అంది.

"నువ్వే అడగాలి. ఇంకెవరడిగినా చెల్లదు."

మేడం ఇంట్లో జరిగిన రిహార్సళ్ళలో ఆ ప్రశ్న రాలేదు. అక్కడ రాణి గారి వంటవాడికి జీలకర్ర ఎక్కడిది, రాణి గారు ఉపవాసం ఎప్పుడుంటారు లాంటి చిన్న చిన్న ప్రశ్నలే. మేడం నవ్వి, "క్యూట్‌గా ఉన్నాయండీ" అంది. మా అమ్మాయి రిహార్సలు ఉన్న రోజంతా నీళ్ళు ముట్టేది కాదు. ఆ హాల్లో తివాచీ మారింది. నీలం రంగుది వేసింది.

వార్షికోత్సవం ఒక బడి ఆడిటోరియంలో జరిగింది. మేడం ముందు వరసలో, ముఖ్య అతిథి పక్కన, కంచిపట్టు చీర కట్టుకుని కూర్చుంది. మహబూలా తల్లులు, పిల్లలు వెనక వరసల్లో. నేను తెర పక్కన. మేడం కూతురు తలపాగా చుట్టుకుని అందంగా ఉంది, నిజం చెప్పాలి. బాగా చెప్పింది కూడా. రాణి సత్రం కట్టించింది, జనం వచ్చారు, అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టింది, పప్పూ నెయ్యీ వడ్డించింది, మజ్జిగలు పోసింది, రాణి గారి దృష్టిలో అందరూ సమానమే అని చేయి పైకెత్తింది. హాలంతా చప్పట్లు.

మా అమ్మాయి డక్కీ మీద ఒక్క దెబ్బ వేసింది.

"అవును గానీ అక్కా!"

"ఏమిటి చెల్లీ?"

"అంతమందికీ కడుపునిండా పెట్టి, కడవల కొద్దీ మజ్జిగ పోసింది గదా మీ రాణి గారు. మరి ఆ జనం ఒంటేలుకి ఎక్కడికెళ్ళారు?"

హాలు గొల్లుమంది. మేడం కూతురు కూడా నవ్వింది. తర్వాత ఏం చెప్పాలో తెలియక వాళ్ళమ్మ వైపు చూసింది. మేడం పెదాలు నవ్వుతూనే ఉన్నాయి గానీ, ఒళ్ళో ఉన్న చెయ్యి మాత్రం ముందుకు పో, ముందుకు పో అని ఊగుతోంది. ఆ పిల్ల తంబుర సవరించుకుని, "అంతట ఆ రాణి" అని ఎత్తుకుంది. మా అమ్మాయి డక్కీ మోగించి ఆపింది.

"కథ ఆగిందక్కా. చెబితేగానీ కదలదు."

నేను నేర్పిన మాటే. కానీ నేను నేర్పినప్పుడు దాని గొంతు అలా లేదు. ఆ పిల్లకు దిక్కు తోచలేదు. దిక్కు తోచనప్పుడు మనిషికి ఇంట్లో రోజూ విన్న మాటే నోటికొస్తుంది. వాళ్ళింట్లో ఆ ప్రశ్నకు శుక్రవారం శుక్రవారం ఒకటే జవాబు.

"కింద... హారిస్ రూమ్ దగ్గరికి," అంది మేడం కూతురు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు వెనక వరసల్లోంచి మహబూలా పిల్లలు, నా బ్యాచ్ పిల్లలు, ఎవరూ చెప్పకుండానే ఒక్క గొంతుతో "తందాన తాన!" అన్నారు. ఆ తర్వాత లేచిన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ముందు తెలిసినవాళ్ళు నవ్వారు, వాళ్ళు పక్కవాళ్ళకు చెబితే వాళ్ళు నవ్వారు. ముఖ్య అతిథి మేడం వైపు వంగి ఏమిటా జోకు అని అడగడం నేను తెర పక్కనుంచి చూశాను. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో చూడని వాళ్ళెవరైనా ఉంటే ఆ ముఖం చూపించేదాన్ని.

కార్యక్రమం అయ్యాక మేడం నా దగ్గరకు వచ్చింది.

"పిల్లలకి బాగా నేర్పారండీ ఇలాంటివి," అంది.

"రాణి గారి కథ మీదేనండీ. నేనొక్క ప్రశ్న కలిపానంతే."

నా పగ అక్కడితో తీరి ఉండాల్సింది. తీరలేదు. ఎందుకంటే స్టేజీ దిగగానే మా అమ్మాయి మళ్ళీ మౌనం. అందరూ దాన్ని మెచ్చుకుంటూ చుట్టూ చేరితే నా వెనక దాక్కుంది. ఎవరో జ్యూస్ ఇస్తే పట్టుకుని, ఇంటిదాకా అలాగే తెచ్చింది, స్ట్రా కూడా గుచ్చకుండా. స్టేజీ మీద అరిచింది వంత. నా కూతురు ఇంకా ఆ ఎర్ర తివాచీ మీదే నిలబడి ఉంది. మేడం నవ్వులపాలైతే నాకేం ఒరిగింది? నా పిల్ల నీళ్ళు నా పిల్లకు తిరిగి రావాలి.

కొన్ని వారాలకు మేడం నుంచి ఫోన్. ఆ బుర్రకథ సంగతి నోటా నోటా పాకి, ఇంకా పెద్ద తెలుగు సంఘం వాళ్ళు తమ పండగ సభలో అదే వేయమని అడిగారట. ఆ ప్రశ్న మాత్రం తీసెయ్యొద్దని మరీ మరీ చెప్పారట. మేడం ఎలా ఒప్పుకుందని నన్ను అడగకండి. కొందరికి స్టేజీ అంటే ఉన్న ఆకలి ముందు సిగ్గు నిలబడదు.

"రిహార్సల్ ఒకటి పెట్టుకుందామండీ. శుక్రవారం మా ఇంటికి వచ్చేయండి," అంది.

"అబ్బే, ఈసారి మా ఇంట్లోనండీ. మీరు మీ అమ్మాయిని, ఆ ఇంకో వంత పిల్లని తీసుకుని రండి," అన్నాను.

వచ్చింది. మా బిల్డింగులో లిఫ్టు ఆ వారం చెడిపోయి ఉంది. నేనేం చెడగొట్టలేదు, దేవుడు కూడా అప్పుడప్పుడు వంత పాడతాడు. నాలుగంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ మా హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మేడంది రాజమండ్రి. మా గోదావరి మనిషే. అంటే మా మర్యాద సంగతి ఆవిడకు తెలుసు. పెట్టింది వద్దంటే పెట్టినవాళ్ళను తక్కువ చేసినట్టే. బతిమాలినకొద్దీ తీసుకోవాల్సిందే. గోదావరి వాళ్ళు మర్యాదతో చంపేస్తారని ఊరికే అనరు. కింద బఖాలా కొట్టు నుంచి లబన్ మజ్జిగ డబ్బాలు ముందే తెచ్చి, అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి పెద్ద గిన్నెడు మజ్జిగ కలిపి ఉంచాను.

"ఎండన పడి వచ్చారు, మజ్జిగ తీసుకోండే," అన్నాను. తీసుకుంది.

"ఇంకొంచెం పొయ్యనివ్వండి, మెట్లెక్కి వచ్చారు, ఆయ్." తీసుకుంది.

"మా ఇంట్లో మీకు రుచించదేమో గానీ..." ఈ మాట అన్నాక ఏ గోదావరి మనిషైనా గ్లాసు చాపాల్సిందే. చాపింది. తర్వాత టీ. టీ వేడి చేస్తుందని మళ్ళీ మజ్జిగ. పిల్లలు ముగ్గురూ రిహార్సల్ చేస్తున్నారు. నేను కథ వినడం లేదు, మేడం పాదాల వైపు చూస్తున్నాను. ముందు కాలు మీద కాలు వేసుకుంది. తర్వాత తీసింది. తర్వాత కుర్చీ అంచుకు వచ్చింది. చివరకు లేచింది.

"బాత్రూమ్ ఎటండీ?"

వంటింట్లోంచి జగిత్యాల వదిన తల బయటపెట్టింది. నేను ఆమెకేం చెప్పి ఉంచలేదు.

"జర ఆగున్రి మేడం. మా ఆయన తానం జేస్తుండు. శుక్రారం ఒక్కదినమే గద ఆయనకు తీరువడి."

మేడం మళ్ళీ కూర్చుంది. వదిన వాళ్ళాయన లోపల పాత పాటేదో కూనిరాగం తీస్తూ తీరుబడిగా చెంబుతో పోసుకుంటున్నాడు. ఆ నీళ్ళ చప్పుడు హాలంతా వినిపిస్తోంది. నేను పోయించినా అంత బాగా పోసేవాడు కాదు. మేడం మళ్ళీ లేచింది. నుదుటి మీద చెమట.

"ఇంకోటి లేదాండీ?"

ఆ ప్రశ్న కోసం నేను ఎన్నాళ్ళు కాచుకున్నానో. గిన్నెలో గరిట తిప్పుతూ, ఎంత తియ్యగా వీలైతే అంత తియ్యగా చెప్పాను.

"కింద హారిస్ రూమ్ పక్కన ఒకటుందండీ. మెట్లు దిగితే చాలు."

డక్కీలు ఆగిపోయాయి. మేడం కూతురు తల దించుకుంది. మేడం తలుపు వైపు చూసింది, మెట్ల వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి వేయలేదు. సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని ఇప్పటికీ నేను ఎవరికీ తగ్గించి చెప్పను.

అప్పుడు మా అమ్మాయి లేచింది. డక్కీ కింద పెట్టి, తిన్నగా బాత్రూమ్ దగ్గరకు వెళ్ళి, రెండు అరచేతులతో తలుపు మీద దబదబా వాయించింది. మా ఫ్లాటుకే కాదు, ఎదుటి ఫ్లాటుకు కూడా వినపడేలా అరిచింది.

"అంకుల్! యల్లా, తొందరగా రండి! ఆంటీకి ఆగట్లేదు!"

లోపల కూనిరాగం ఠక్కున ఆగింది. "అచ్చినా బిడ్డా, అచ్చినా!" అంటూ ఆయన లుంగీ బిగించుకుని, తల మీద సబ్బు నురగతోనే బయటికొచ్చి గదిలోకి పరుగెత్తాడు. మా అమ్మాయి తలుపు పట్టుకుని నిలబడి, "వెళ్ళండాంటీ" అంది. మేడం తల వంచుకుని లోపలికి వెళ్ళింది.

మా అమ్మాయి అలా అరిచింది జాలితోనా, కసితోనా అని నేను ఇంతవరకు అడగలేదు. మా ఆయన జాలి అంటాడు. నా కూతురు కదా, నేను కసి అనే అనుకుంటాను. అది హాల్లోకి వచ్చి, మేడం సగం తాగి వదిలేసిన గ్లాసు పక్కకు నెట్టి, కొత్త గ్లాసులో తనే మజ్జిగ పోసుకుని, మేడం కూతురి ముందు, ఇంకో పిల్ల ముందు, అందరి ముందు గటగటా తాగేసింది. ఇంకో గ్లాసు పోసుకుని అదీ తాగింది. మూతి తుడుచుకుని డక్కీ అందుకుంది.

"ఊఁ, చెప్పక్కా. ఎక్కడ ఆపాం?"

నేను వెంటనే గోడ వైపు తిరిగాను, కళ్ళు తుడుచుకోవడం పిల్లలు చూడకుండా. తర్వాత మేడం కోసం ఇంకో గ్లాసు నిండా మజ్జిగ పోసి, ఆవిడ కుర్చీ పక్కన పెట్టి ఉంచాను.